ముఖం కందిపోతుంటే: రొజేషియాతో నా అనుభవం

ముఖం ఎర్రబడుతోందంటే మన ఇళ్ళల్లో మొదట వినిపించేది "ఒంట్లో వేడి చేసింది, సబ్జా నీళ్ళు తాగు" అన్న సలహా. పార్లర్‌కి వెళ్తే "స్కిన్ డల్ అయింది, ఒక ఫేషియల్ చేద్దాం" అంటారు. మందుల షాపులో చీటీ అడక్కుండానే ఒక చిన్న ట్యూబు చేతిలో పెడతారు. సబ్జా నీళ్ళ వల్ల నష్టమేమీ లేదు. ఫేషియల్ మంటను పెంచుతుంది. ఆ ట్యూబు మాత్రం ఉన్న జబ్బు మీద ఇంకో జబ్బు తెచ్చిపెట్టగలదు. దాని సంగతి కింద విడిగా రాశాను.

నాకు తేలింది రొజేషియా, ముఖం మీద ఎరుపూ పొక్కులూ తెచ్చే మొండి చర్మవ్యాధి. ఇది పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. అదుపులోకి రావడానికి నాకు బాగా పనికొచ్చింది ఎరుపును విడదీసి చూడటం. పొయ్యి సెగకో, వేడి టీకో, నలుగురి ముందు మాట్లాడాల్సి వచ్చినప్పుడో భగ్గుమని వచ్చి కాసేపటికి దిగిపోయే ఎరుపు ఒకటి. బుగ్గలు, ముక్కు, నుదురు, గడ్డం మీద రోజంతా కదలకుండా ఉండిపోయే ఎరుపు ఇంకొకటి. ఆ ఎరుపు మీద లేచే పొక్కులు, చీముపొక్కులు వేరు. ముక్కు పక్కన దారప్పోగుల్లా కనిపించే సన్నని రక్తనాళాలు వేరు. ఈ నాలుగూ ఒకే ముఖం మీద ఉండొచ్చు, కానీ ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు. పొక్కులకిచ్చిన క్రీము రాసి "ఎరుపు పోలేదు, మందు దండగ" అని మధ్యలో ఆపేసేవాళ్ళు చాలామంది. ఆ క్రీము తన పని తాను చేసే ఉంటుంది. నాళాలు దానివల్ల మాయం కావు.

చామనఛాయ, నల్లని చర్మం మీద ఇంకో చిక్కుంది. ఎరుపు ఎరుపుగా కనపడదు. ముదురు గోధుమరంగులోనో, కాస్త ఊదా కలిసినట్టో కనిపిస్తుంది. అందుకే దీన్ని మంగు అనుకునేవాళ్ళు, మొటిమలు అనుకునేవాళ్ళు ఎక్కువ. మన రంగు చర్మంలో కంటికంటే స్పర్శను నమ్మాలి: బుగ్గలు ఉండుండి వేడెక్కడం, చిమచిమ, ఇన్నాళ్ళూ పడిన క్రీములు కూడా ఉన్నట్టుండి మంటపుట్టించడం, చర్మం బిగిసినట్టుండటం. ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. అడుగు పల్చగా ఉన్న గాజుగ్లాసును బుగ్గకి మెల్లగా ఒత్తి, అద్దంలో ఆ గాజులోంచి చూడండి. ఒత్తిన చోట రంగు పాలిపోతే అది రక్తం వల్ల వచ్చిన రంగు. ఒత్తినా అలాగే ఉంటే అది మంగులాంటి మచ్చ. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. మొటిమలకీ దీనికీ తేడా తెలియాలంటే నల్లముల్లులు (బ్లాక్‌హెడ్స్), తెల్లముల్లులు (వైట్‌హెడ్స్) వెతకండి. రొజేషియాలో అవి ఉండవు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఫోటోలు తీసుకెళ్ళాలి, ఎందుకంటే ఏసీ గదిలో అరగంట కూర్చున్నాక చూపించడానికి ముఖం మీద ఏమీ మిగలదు. ఫోన్ కెమెరాలో బ్యూటీ మోడ్ పూర్తిగా ఆపేయాలి, లేకపోతే అది ఎరుపును తనే తుడిచేస్తుంది. ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకి, బయటి నుంచి వచ్చాక కనీసం 20 నిమిషాలు ఆగి తీయాలి. చెంప పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకుంటే కెమెరా రంగులు మార్చిందో లేదో తరవాత పోల్చుకోవచ్చు. ఫోటోతోపాటు ఉదయం, రాత్రి మంట ఎంతుందో 0 నుంచి 10 లోపు ఒక అంకె రాసుకోవాలి. మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది వారం తిరక్కుండా మానేస్తారు. నిజానికి మందు పనిచేస్తోందని ముందుగా చెప్పేది ఆ అంకే. రంగు ఆ తరవాత మారుతుంది.

డాక్టరు ఏం తోసిపుచ్చాలని చూస్తున్నారో మనకీ తెలిసి ఉంటే మంచిది. ముక్కు పక్క మడతల్లో, కనుబొమల్లో పొట్టు రాలుతుంటే సెబోరిక్ డెర్మటైటిస్, అంటే తలలో చుండ్రు ముఖం దాకా దిగినట్టు. ఇది రొజేషియాతో కలిసి కూడా వస్తుంది. రెండు బుగ్గల మీదా పరుచుకుని, ముక్కు పక్క మడతలను మాత్రం వదిలేసిన ఎరుపు, దానికి తోడు కీళ్ళనొప్పులు, నోటిపూత, ఎండ తగిలితే జ్వరం ఉంటే లూపస్ (ఒంటి రోగనిరోధక శక్తి ఒంటి మీదే తిరగబడే జబ్బు) అనుమానించి ఏఎన్ఏ రక్తపరీక్ష చేయిస్తారు. తలకి వేసుకునే నల్లరంగు పడకపోయినా ముఖం కందుతుంది. ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ లాంటి బీపీ మాత్రలు, కొలెస్ట్రాల్‌కి ఇచ్చే నియాసిన్ ముఖంలోకి వేడి తన్నిస్తాయి. ముట్లుడిగే వయసులో వచ్చే ఆవిర్లూ అంతే. ముఖం ఎర్రబడటంతోపాటు విరేచనాలు, పిల్లికూతలు, గుండెదడ, విపరీతమైన తలనొప్పి ఉంటే అది చర్మం సంగతి కాదు. ముందు ఫిజీషియన్ని చూడాలి.

మందు మొదలుపెట్టే ముందు ముఖానికి రాసేవన్నీ ఆపేశాను. కడిగేది ఒకటి, తేమ పట్టేది ఒకటి, ఎండ ఆపేది ఒకటి, అంతే. ఈ దశ చప్పగా ఉంటుంది, అందుకే ఎవరూ చేయరు. కానీ మంటలో పెద్ద భాగం తగ్గేది ఇక్కడే. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దగ్గర ఉంటుంది. చర్మం పైపొర దాదాపు 5 దగ్గర. ఆ తేడా నుంచి కోలుకోవడానికి రొజేషియా చర్మానికి మామూలు చర్మంకంటే ఎక్కువసేపు పడుతుంది. నురగ తక్కువగా వచ్చే, వాసన లేని క్లెన్సర్ రోజుకి రెండుసార్లు చాలు, చేతివేళ్ళతో మాత్రమే. నీళ్ళు గోరువెచ్చగా కూడా కాదు, చల్లదనం విరిగితే సరిపోతుంది. తువాలుతో రుద్దకుండా అద్దాలి. సున్నిపిండి, శనగపిండి, నిమ్మరసం, ముల్తానీ మట్టి, పసుపు ప్యాకు, ఆవిరి పట్టడం, బ్లీచ్, బుగ్గల మీద వ్యాక్సింగ్ అన్నీ బంద్. పుదీనా, కర్పూరం, యూకలిప్టస్, మెంథాల్ ఉన్నవి రాయగానే చల్లగా అనిపిస్తాయి, ఆ చల్లదనం కూడా నరాన్ని గిల్లడమే. తలంటుకునేటప్పుడు కుంకుడు రసమైనా షాంపూ అయినా ముఖం మీదికి కారకుండా తల వెనక్కి వాల్చాలి. గడ్డం గీసుకునేవాళ్ళకి సెలూన్లో చివర్లో రుద్దే పటిక, ఆ తరవాత కొట్టే ఆఫ్టర్‌షేవ్ రెండూ వద్దని ముందే చెప్పుకోవాలి. వెంట్రుక వాలు వెంబడి ఒక్కసారి గీస్తే చాలు. ఎలక్ట్రిక్ ట్రిమ్మర్ అయితే ఇంకా మేలు.

మాయిశ్చరైజర్లో సెరమైడ్, గ్లిజరిన్ ఉండి, సువాసన లేకపోతే చాలు. ధరకీ ఫలితానికీ సంబంధం నాకు కనపడలేదు. ఏ కొత్త వస్తువైనా నేరుగా బుగ్గకి పోకూడదు. మోచేతి మడతలో రోజుకి రెండుసార్లు వారంపాటు రాసి, ఏమీ కాకపోతే దవడ కింద ఒక రూపాయి బిళ్ళంత చోట మూడు నాలుగు రాత్రులు రాసి, అప్పుడు ముఖానికి. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెడితే ఏది పడలేదో ఎప్పటికీ తేలదు.

సన్‌స్క్రీన్ దగ్గర ఎక్కువమంది ఓడిపోతారు. రాస్తే మంట, మానేస్తే ఎండ. మంటపుట్టించేవి చాలావరకు అవోబెంజోన్, ఆక్సిబెంజోన్ లాంటి రసాయన ఫిల్టర్లూ, వాటిని కరిగించడానికి వాడే ఆల్కహాలూ. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న మినరల్ రకం సాధారణంగా పడుతుంది. చిక్కల్లా అది మన రంగు మీద బూడిద పూసినట్టు తేలుతుంది. దానికి ఐరన్ ఆక్సైడ్ కలిపిన టింటెడ్ రకం తీసుకోండి. చర్మం రంగులో కలిసిపోతుంది, ఎరుపును కాస్త కప్పుతుంది, మంగును పెంచే కంటికి కనిపించే వెలుతురును కూడా ఆపుతుంది. ఎస్‌పీఎఫ్ 30 కి తగ్గకూడదు. ముఖానికీ మెడకీ కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు గీసినంత క్రీము కావాలి. బఠాణీ గింజంత రాసేవాళ్ళకి డబ్బా మీద రాసిన ఎస్‌పీఎఫ్‌లో కొంతే దక్కుతుంది. గొడుగు, అంచు వెడల్పు టోపీ ఇంకా నమ్మకమైనవి, వాటివల్ల మంట పుట్టదు. స్కూటీ మీద వెళ్ళే ఆడపిల్లలు ముఖమంతా చుట్టుకునే స్కార్ఫ్ ఎండను ఆపుతుంది కానీ లోపల ఊపిరి వేడిని బంధిస్తుంది. పల్చటి నూలుబట్టతో, ముక్కు దగ్గర వదులుగా కట్టుకోవాలి.

ఇక తిండి. ఏది పడదో చెప్పే పొడవాటి జాబితాలు చూసి అన్నీ మానేస్తే రెండు వారాలకే విసుగొస్తుంది. అసలు కారణం తెలిస్తే మానేయాల్సినవి తక్కువే. మిరపకాయలో కారం పుట్టించే క్యాప్సేసిన్ నరాల చివర్లలోని టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని, అంటే వేడిని పసిగట్టే ప్రొటీన్ని, తట్టిలేపుతుంది. 43 డిగ్రీలు దాటిన వేడి తట్టిలేపేదీ దాన్నే. ఈ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్‌లో వాటా దక్కింది. అంటే గుంటూరు కారమూ, పొగలు కక్కే సాంబారూ నరానికి ఒక్కటే. రెండూ ఒకే ముద్దలో పడితే ఇక చెప్పేదేముంది. కాబట్టి ముందు తగ్గించాల్సింది కారం కాదు, వేడి. అన్నం, పులుసు చల్లారి గోరువెచ్చగా అయ్యాక తింటే అదే కారం చాలావరకు పడుతుంది. ఆవకాయ మాత్రం వేరే సంగతి. అందులో కారంతోపాటు ఆవపిండి ఘాటు ఉంటుంది, అది టీఆర్‌పీఏ1 అనే ఇంకో గ్రాహకాన్ని కదిలిస్తుంది. బిర్యానీలో దాల్చినచెక్క కదిలించేదీ దాన్నే. ఆవకాయ పూర్తిగా మానమని ఎవరికీ చెప్పను, అంత ధైర్యం లేదు. పెరుగన్నంలో నంజుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

కాఫీ, టీల మీద పడ్డ నింద కూడా ఇలాంటిదే. 1981లో జొనాథన్ విల్కిన్ అనే చర్మవైద్యుడు రొజేషియా ఉన్నవాళ్ళకి వేడి కాఫీ, చల్లని కాఫీ, వట్టి వేడినీళ్ళు, విడిగా కెఫీన్ ఇచ్చి చూశాడు. వేడి కాఫీకీ వేడినీళ్ళకీ ముఖం ఎర్రబడింది. చల్ల కాఫీకీ కెఫీన్‌కీ ఎర్రబడలేదు. టీ మానక్కర్లేదు, చల్లార్చుకుంటే చాలు. ముఖంలోకి వేడి తన్నుకొస్తోందని తెలియగానే ఒక చిన్న ఐసుముక్క నోట్లో పెట్టుకుంటే ఎరుపు అక్కడితో ఆగుతుంది లేదా తక్కువతో పోతుంది. పెళ్ళి భోజనాల దగ్గర నాకు దీన్ని మించిన ఉపాయం లేదు. ఐసును నేరుగా బుగ్గలకి రుద్దడం మాత్రం వద్దు. అప్పటికి పాలిపోతుంది, తరవాత రెట్టింపు ఎర్రబడుతుంది, చర్మమూ దెబ్బతింటుంది. తడిగుడ్డ మెడ వెనక వేసుకోవచ్చు.

మద్యం గురించి విడిగా రాయక్కర్లేదు. నాళాలను విప్పారుస్తుంది, అందరికీ తెలిసిందే.

వంటింటి సెగకి తిండికంటే ఎక్కువ శక్తి ఉంది. పోపు వేసేటప్పుడు, దోసెల పెనం దగ్గర ముఖం పొయ్యికి చెయ్యి చాపినంత దూరంలో ఉండాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వంట మొదలవక ముందే వేయాలి. కుక్కర్ మూత తీసేటప్పుడు ముఖం పక్కకి తిప్పాలి. హారతి కళ్ళకద్దుకునేటప్పుడు చేతులు పళ్ళేనికి దూరంగానే ఆడించాలి. నడక, వ్యాయామం మానకూడదు. ఏకధాటిగా అరగంట చేసేది మూడు పది నిమిషాలుగా విడగొట్టి, తెల్లవారుజామున చేస్తే ఒళ్ళు అంతగా వేడెక్కదు. శీర్షాసనం, సర్వాంగాసనం లాంటివి పక్కన పెట్టొచ్చు.

ఏది పడదో తేల్చుకోవడానికి అనుమానమున్న ఒక్కదాన్నే రెండు వారాలు ఆపి, మళ్ళీ మొదలుపెట్టి చూడాలి. తిండివల్లయితే నిమిషాల్లో తెలుస్తుంది. ఎండవల్లయితే సాయంత్రానికో మర్నాటికో తెలుస్తుంది. ఈ తేడా గుర్తులేక, మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చి రాత్రి తిన్న వంకాయకూరను తప్పుపడతారు.

మందుల దగ్గరికొస్తే, పొక్కులకీ వాటి చుట్టూ ఉండే ఎరుపుకీ ఇచ్చే పూతమందులు ముఖ్యంగా మూడు: మెట్రోనిడజోల్ 0.75 శాతం, అజెలాయిక్ యాసిడ్ 15 లేదా 20 శాతం, ఐవర్‌మెక్టిన్ 1 శాతం. మొదటిది సౌమ్యమైనది, చాలామందికి పడుతుంది, ఫలితమూ నెమ్మదే. అజెలాయిక్ యాసిడ్ మచ్చలను కూడా తగ్గిస్తుంది కాబట్టి మన రంగుకి బాగా నప్పుతుంది, కానీ మొదటి వారాల్లో దురద, చిమచిమ ఉంటాయి. కడుక్కున్న వెంటనే తడిమీద రాస్తే ఆ చిమచిమ పెద్ద మంటవుతుంది. ముఖం పూర్తిగా ఆరడానికి పావుగంట పైనే ఆగి, ముందు మాయిశ్చరైజర్ రాసి, దాని మీద రాత్రి విడిచి రాత్రి మొదలుపెట్టి, పడ్డాక రోజూ రాసుకోవచ్చు. గర్భిణులకి కూడా డాక్టర్లు సాధారణంగా ఒప్పుకునేది ఇదే.

ఐవర్‌మెక్టిన్ సంగతి వేరు. డెమోడెక్స్ అనే కంటికి కనపడని పురుగు వయసొచ్చిన దాదాపు ప్రతి ఒక్కరి ముఖం మీదా వెంట్రుక కుదుళ్ళలో ఉంటుంది. రొజేషియాలో దాని సంఖ్య పెరుగుతుంది. చర్మం పైపొరను గాజుపలక మీదికి తీసి చూస్తే చదరపు సెంటీమీటరుకి 5 కంటే ఎక్కువ ఉండటం గుర్తు. ఐవర్‌మెక్టిన్ ఆ పురుగునూ, వాపునూ రెండింటినీ తగ్గిస్తుంది. నుదురు, గడ్డం, ముక్కు, రెండు బుగ్గలు, ఒక్కోచోటికి బఠాణీ గింజంత, రోజుకి ఒక్కసారి. 16 వారాలపాటు మెట్రోనిడజోల్‌తో పోల్చి చూసిన అధ్యయనంలో పొక్కులు ఐవర్‌మెక్టిన్‌తో 83 శాతం, మెట్రోనిడజోల్‌తో 74 శాతం తగ్గాయి. మొదటి రెండు వారాల్లో కొందరికి పొక్కులు కాస్త పెరిగినట్టు కనిపిస్తాయి. అక్కడే చాలామంది ట్యూబు పారేస్తారు. ఈ మూడింట్లో దేనికైనా తీర్పు చెప్పాల్సింది 8 నుంచి 12 వారాల తరవాతే.

పొక్కులు ఎక్కువుంటే డాక్సీసైక్లిన్ మాత్ర తోడవుతుంది. 40 మిల్లీగ్రాముల నెమ్మదిగా విడుదలయ్యే రకం సూక్ష్మజీవులను చంపేంత మోతాదు కాదు, వాపును తగ్గించడానికి మాత్రమే. అది దొరకని చోట 100 మిల్లీగ్రాములు కొన్ని వారాలు రాస్తారు. ఈ మాత్ర వేసుకునే పద్ధతి చీటీ మీద రాయరు: నిండు గ్లాసు నీళ్ళతో, కూర్చునో నిలబడో వేసుకుని, ఆ తరవాత అరగంట పడుకోకూడదు. గుక్కెడు నీళ్ళతో మింగి పడుకుంటే మాత్ర అన్నవాహికకి అంటుకుని పుండు చేస్తుంది. పాలు, ఐరన్, క్యాల్షియం, గ్యాస్ మందులతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు, రెండు గంటలు ఎడం ఉండాలి. ఎండకి చర్మం తొందరగా కమిలిపోతుంది. గర్భిణులకీ, 8 ఏళ్ళలోపు పిల్లలకీ వద్దు.

ఇప్పుడు ఆ చిన్న ట్యూబు. స్టెరాయిడ్ క్రీము రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. అందుకే రెండు రోజుల్లో ముఖం తేటపడుతుంది, అందుకే అందరికీ నచ్చుతుంది. నెలలకొద్దీ రాస్తే చర్మం పల్చబడి, నాళాలు పైకి తేలి, పొక్కులు లేచి, క్రీము ఒక్క రోజు మానినా ముఖం మండిపోయే స్థితి వస్తుంది. మన దేశంలో ఇది ఎంత సాధారణమంటే, 2011లో వచ్చిన ఒక బహుకేంద్ర అధ్యయనంలో ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది అప్పటికే ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నవాళ్ళు. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మకం ఆగలేదు. అందుకే ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవడం నేర్చుకోవాలి: బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, బెక్లోమెథసోన్, ఫ్లూసినోలోన్ వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడే. తామరకని క్లోట్రిమజోల్‌తో కలిపినా అంతే, తెల్లబడటానికని హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌లతో కలిపినా అంతే.

ఇప్పటికే నెలలుగా రాస్తున్నవాళ్ళు ఆపితే కొద్ది రోజుల్లోనే ముఖం మునుపటికంటే ఎర్రగా ఉబ్బుతుంది. ఇది జబ్బు ముదరడం కాదు, అలవాటు విడవడం. ఆ రోజుల్లో మళ్ళీ ఒక్కసారి రాసుకుంటే లెక్క మొదటికొస్తుంది. కొందరికి డాక్టర్లు ఒక్కసారిగా ఆపిస్తారు, కొందరికి తక్కువ ఘాటున్న హైడ్రోకార్టిసోన్‌కి మార్చి మెల్లగా దించుతారు. ఆ మంట దాటడానికి టాక్రోలిమస్ పూత, డాక్సీసైక్లిన్ మాత్ర, చల్లని తడిగుడ్డ పట్టీలు. టాక్రోలిమస్ మొదటి వారం తనే మండుతుంది, ఈ మాట ముందు చెప్పకపోతే రోగి దాన్నీ ఆపేస్తాడు. పొక్కులు వారాల్లో తగ్గుతాయి, ఎరుపుకి నెలలు పడుతుంది, తేలిన నాళాలు కొన్ని మిగిలిపోతాయి.

రోజంతా ఉండే ఎరుపుని కొన్ని గంటలు దాచడానికి బ్రిమోనిడిన్ 0.33 శాతం జెల్ ఉంది. గ్లకోమాకి (నీటికాసులకి) కంట్లో వేసే మందే ఇది, ముఖానికి వేరే రూపంలో. రాసిన అరగంటకి మొదలై, మూడు నుంచి ఆరు గంటల మధ్య గట్టిగా పనిచేసి, 12 గంటల్లోపు దిగిపోతుంది. నాకు దీని మీద పూర్తి నమ్మకం లేదు. దిగేటప్పుడు కొందరికి ఎరుపు ముందుకంటే ఎక్కువగా తిరిగొస్తుంది. సమంగా రాయకపోతే ముఖం మీద తెల్ల మచ్చలు పడ్డట్టుంటుంది. ఇంటర్వ్యూ రోజునో నిశ్చితార్థం రోజునో మొదటిసారి రాసుకోవద్దు. పనిలేని ఆదివారం ఒక బుగ్గ మీద చిన్న చోట రాసి, రాత్రిదాకా గమనించాలి. దీని బదులు మేకప్ వాడుకునేవాళ్ళు ఆకుపచ్చ కన్సీలర్ జోలికి పోకపోవడమే మంచిది, చామనఛాయ మీద బూడిదరంగు తేలుతుంది. పసుపు కలిసిన రంగు నప్పుతుంది.

సిగ్గుకీ, కంగారుకీ వచ్చే ఎరుపు వేరే దారిలో వస్తుంది. సహానుభూత నాడీవ్యవస్థ, అంటే కంగారులో తనంతట తానే పనిచేసే నరాల వ్యవస్థ, ముఖంలోని నాళాలను క్షణాల్లో విప్పారుస్తుంది. పూతమందులు అంత లోతుకి పోవు. ఇక్కడ పనికొచ్చేవి ముఖ్యంగా రెండు. ప్రొప్రనలాల్ మాత్ర గుండెదడను, దాంతోపాటు ఎరుపును కొంత తగ్గిస్తుంది. ప్రసంగానికి ముందు ఒక్కసారి వాడేవాళ్ళుంటారు, రోజూ వాడేవాళ్ళుంటారు. కార్వెడిలాల్ తక్కువ మోతాదులో ఇచ్చే డాక్టర్లూ ఉన్నారు. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ప్రొప్రనలాల్ ప్రమాదం. షుగర్ మందులు వాడేవాళ్ళకి చక్కెర పడిపోయిన గుర్తులు తెలియకుండా చేస్తుంది. నాడి నెమ్మదిగా కొట్టుకునేవాళ్ళకీ పడదు. రోజూ వాడుతున్నదాన్ని ఉన్నట్టుండి ఆపకూడదు. కాబట్టి తెలిసినవాళ్ళ మాత్ర అడిగి వేసుకునే మందు కాదిది.

రెండోది దృష్టిని మళ్ళించే సాధన, మనస్తత్వ నిపుణులు దీన్ని టాస్క్ కాన్సంట్రేషన్ ట్రైనింగ్ అంటారు. ముఖం వేడెక్కగానే ధ్యాసంతా ముఖం మీదికే పోతుంది, ధ్యాస పోయేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. సాధన ఇలా మొదలవుతుంది: ఒకరు రెండు నిమిషాలు ఏదైనా చెప్తారు, మీరు వాళ్ళకి వీపు పెట్టి కూర్చుని వింటారు. అయ్యాక విన్నది తిరిగి చెప్పి, ధ్యాస ఎంత వంతు మాటల మీద, ఎంత వంతు మీ మీద ఉందో లెక్కేసుకుంటారు. తరవాత ఎదురెదురుగా. ఆ తరవాత కావాలని ముఖం ఎర్రబడే సంగతులు మాట్లాడుతూ. చివరికి కిరాణా షాపులో, ఆఫీసు మీటింగ్‌లో. లోపల మనకి తెలిసే వేడికీ, బయటివాళ్ళకి కనపడే రంగుకీ చాలా తేడా ఉంటుంది. చామనఛాయలో ఆ తేడా ఇంకా ఎక్కువ, ఎదుటివాడు గమనించను కూడా గమనించడు. ఛాతీలో నరం కత్తిరించే సింపథెక్టమీ ఆపరేషన్ గురించి ఎవరైనా చెప్తే తొందరపడొద్దు. ముఖం ఎర్రబడటం ఆగాక వీపు, పొట్ట, తొడలు ధారగా చెమటపట్టడం దానివల్ల తరచుగా వచ్చే ఫలితం, కత్తిరించిన నరాన్ని వెనక్కి తేలేరు.

పైకి తేలిన నాళాలకి ముఖ్యమైన దారి లేజరే. 595 నానోమీటర్ల పల్స్డ్ డై లేజర్, 532 కేటీపీ, ఐపీఎల్ అనే తీవ్రమైన వెలుతురు యంత్రం తెల్లచర్మం మీద తిరుగులేనివి. అవే మన చర్మంలో నాళంకంటే ముందు రంగునిచ్చే మెలనిన్‌కి తగిలి కాల్చేయొచ్చు, మచ్చ పడొచ్చు. ముదురు రంగుకి 1064 నానోమీటర్ల లాంగ్ పల్స్డ్ ఎన్‌డీ యాగ్ కాస్త భద్రం, దాంట్లో కూడా చేయి తిరిగినవాళ్ళు కావాలి. క్లినిక్‌లో అడగాల్సినవి: యంత్రం పేరు, తరంగదైర్ఘ్యం, చల్లబరిచే ఏర్పాటు ఉందా, చెవి ముందు ఒక చిన్న చోట ముందు పరీక్ష చేసి కొన్ని వారాలు ఆగి చూస్తారా. "మా దగ్గర అన్ని స్కిన్లకీ ఒకటే సెట్టింగు" అన్న చోట కూర్చోకండి. ఎండకి నల్లబడి ఉన్నప్పుడు చేయించుకోకూడదు కాబట్టి మనకి నవంబరు నుంచి జనవరి అనువైన కాలం. నెల ఎడంతో మూడు నాలుగు సిట్టింగులు సాధారణం, ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ ఒకటి అవసరపడొచ్చు. భగ్గుమనే గుణం లేజర్‌తో కాస్త తగ్గుతుందేమో కానీ పోదు.

కళ్ళ సంగతి ఎవరూ అడగరు. ఇసుక పడ్డట్టు గరగర, రెప్పల అంచుల్లో ఎరుపు, మాటిమాటికీ కంటికురుపులు ఉంటే రొజేషియా కంటికీ పాకి ఉండొచ్చు. మూసిన రెప్పల మీద గోరువెచ్చని గుడ్డ ఐదారు నిమిషాలు పెట్టి, వేలితో రెప్ప అంచువైపు మెల్లగా ఒత్తి, తడిదూదితో తుడవాలి. బుగ్గలకి ఆ వేడి తగలకుండా గుడ్డను చిన్నగా మడవాలి. చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా కంటి డాక్టరు దగ్గరికి అదే రోజు వెళ్ళాలి.

పొక్కులు పోయాక పూతమందును ఒక్కసారిగా ఆపకుండా రోజు విడిచి రోజుకి, తరవాత వారానికి రెండుసార్లకి దించుకున్నాను. మన దగ్గర ఎండలు ముదరడానికి ముందే, శివరాత్రి అయిన వెంటనే, మళ్ళీ రోజూ రాయడం మొదలుపెడతాను. రెంటచింతలలోనో రామగుండంలోనో ఉండేవాళ్ళు ఇంకో రెండు వారాలు ముందే మొదలుపెట్టొచ్చు. పచ్చళ్ళ కాలంలో కారం దంచే చోట, ఆవపిండి కలిపే చోట ముఖానికి తడిపిన నూలుగుడ్డ కట్టుకుని, ఫ్యాను గాలి మనవైపు నుంచి కారంవైపు పోయేలా కూర్చోవాలి.